గుల్ల తీసిన చేను

ఆ వేసవిలో ఆ వంపు దగ్గర ఉన్నవాళ్ళు, ఉన్నవి ఇవి. తాతయ్య. మధ్యాహ్నం కేరేజీ తెచ్చినప్పుడు మాత్రం అమ్మమ్మ. ఎప్పుడూ ఏదో ఒక కోపంతో మామయ్య. మామయ్య కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్దది కాబట్టి నేను వదినా అని పిలవాల్సిన మనిషి. నేను. అడుగున తారు పూసిన తాటిదోనె. కూలిపోయిన సున్నపు బట్టీ ఒకటి, ఇంకా పొగ వచ్చేది ఒకటి. గునపాలు, పారలు, తట్టలు, గుల్ల కడిగే వెదురు జల్లెడలు. సెలవుల చివర్లో ఒక సర్వేయరు, ఆయన మూడుకాళ్ళ పరికరం, ఎరుపూ నలుపూ గీతలున్న పొడవాటి గెడ.

మొన్న ఏలూరులో ఒక పాత మేడ పడగొట్టించే పని నాకు పడింది. గోడ కూలేటప్పుడు దుమ్ము లేవకుండా పైపుతో నీళ్ళు కొట్టిస్తాం. తడిసిన సున్నం వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలింది. ఒక పెచ్చు తీసి చూస్తే, సరిగ్గా కాలని నత్తగుల్ల ఒకటి మెలికతో సహా సున్నంలో ఇరుక్కుని ఉంది. అది మా తాతయ్య చేలోదే అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కాదనడానికీ లేదు. పనివాళ్ళు టీకి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

మా తాతయ్యది కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరు. మేము తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. పరీక్షలు అయిన మర్నాడే అమ్మ నన్ను ఆకివీడు దాకా తీసుకొచ్చి మామయ్యకి అప్పగించేది. దిగగానే ఐసు, చేపలు, లారీల డీజిలు కలిసిన వాసన. ఆటో దిగి కాలవలో దోనె ఎక్కాక కుళ్ళిన నాచు వాసన. ఊరు కనిపించక ముందే సున్నపు బట్టీ వాసన. ఈ మూడూ వరస తప్పేవి కావు. మూడోది వచ్చిందంటే అమ్మమ్మ పొయ్యి మీద చేపల పులుసు ఉన్నట్టే.

ఊరికి తూర్పున సరస్సు నేలలోకి చొచ్చుకొచ్చి ఒక వంపు తిరిగేది. వేసవిలో నీళ్ళు వెనక్కి పోతే అక్కడ నిలువెత్తు నల్లమట్టి గట్టు బయటపడేది. గట్టంతా పగుళ్ళు, వేలాడే తుమ్మ వేళ్ళు, కొంగల రెట్టలు. నల్లమట్టి మధ్యలో అడ్డంగా తెల్లటి చార ఒకటి. ఆ చారే గుల్ల. సరస్సు ఇంకా పెద్దదిగా ఉన్న రోజుల్లో చచ్చి పరుచుకున్న నత్తలూ ఆల్చిప్పలూ. నేను జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి దాని మందం కొలిచాను. మూడు స్కేళ్ళు పట్టింది. మా తాతయ్య స్కేలు చూడకుండానే మోచెయ్యి ఆనించి, “మూరెడు,” అన్నాడు.

మా వాళ్ళు గుల్ల తీసే పద్ధతి ఇది. రెండో పంట దాళ్వా కోతలయ్యాక చేలో ఒక చెక్క గీసుకుంటారు. పైనున్న నల్లమట్టి నడుం లోతు తీసి పక్కన పోస్తారు. కింద తగిలిన గుల్లని తట్టలకెత్తి, నీళ్ళలో జల్లెడ పట్టి, బట్టీకి పంపుతారు. తర్వాత ఆ నల్లమట్టినే మళ్ళీ గుంటలో పోసి, చదును చేస్తారు. తొలకరికల్లా చేను చేనే. ఎటొచ్చీ మూరెడు కిందికి దిగి ఉంటుంది. మరుసటి వేసవి పక్క చెక్క. మా తాతయ్య తాత మొదలుపెట్టిన ఈ పనిలో ఆ వేసవికి చివరి చెక్క మిగిలింది.

అలా దిగడమే వాళ్ళకి కావలసింది. మెరక చేనుకైతే దాళ్వాలో ఇంజను పెట్టి నీళ్ళు తోడాలి. పల్లం చేనుకి గండి కొడితే చాలు, సరస్సే వచ్చి తడిపి పోతుంది. అందుకని ఊళ్ళో గుల్ల తీసిన చేనంటే తీర్చిదిద్దిన చేను. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ముందు, “గుల్ల తీశారాండీ?” అనే అడిగేవారు. సున్నం అమ్మగా వచ్చేది పైలాభం. అసలు లాభం పల్లం.

మా పక్కచేను ఆసామి బద్ధకస్తుడు. తాత కాలం నుంచీ ఒక్క చెక్క కూడా తియ్యలేదు. గట్టు మీద అతను కనిపిస్తే తాతయ్య ఊరుకునేవాడు కాదు.

“ఏమోయ్, ఈ ఏడు నీ చేలో పిచ్చుకలు ఎన్ని బస్తాలు పండాయి?”

“మీ చేలో నత్తలు పండుతున్నాయి కదండీ బాబాయ్. ఓ తట్టెడు ఇటు పంపండి, పులుసెట్టుకుంటాం.”

“నత్తలు అమ్మేశాంలే. నీళ్ళు కావాలంటే చెప్పు, నా చేలోవి తోడుకుందువుగాని.”

అతను నవ్వి చుట్ట వెలిగించుకునేవాడు. తాతయ్య నాకేసి తిరిగి, వినపడేట్టుగానే, “వొళ్ళొంగని వాడికి దేవుడు మెరకే ఇస్తాడ్రా,” అనేవాడు.

గుల్ల తీసేవాళ్ళకి ఒక్క నియమం ఉండేది. ఎంత తీసినా చేనుకీ సరస్సుకీ మధ్య ఒక మనిషి నడిచేంత వెడల్పున కొంత ముట్టుకోకుండా వదిలెయ్యాలి. అది ఊరి దేవత గంగానమ్మ దారి. ఆవిడ రాత్రిపూట ఊరి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆవిడకి మెట్ట కావాలి. దాని మీద మేము చెప్పుల్తో నడవకూడదు. ఉమ్మకూడదు. నేను గూడెం నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ నియమాలు నాకు ప్రతి వేసవీ మొదట్నుంచీ చెప్పేవారు.

ఆ దారి కిందే, సరస్సు వైపు గట్టులో, బొరియలున్నాయి. మనిషి పాకితే పట్టేంతవి. నీళ్ళు తగ్గినప్పుడే కనిపిస్తాయి. అవి ఎంత లోపలికి వెళతాయో చూడాలని వదినకి రెండేళ్ళుగా కోరిక.

“గూడెం బాబుగారికి భయమేస్తే ఇక్కడ నీడలో కూర్చోవచ్చండి,” అంది.

“నాకేం భయం.”

“అయితే ముందు నువ్వెళ్ళు.”

“పెద్దదానివి నువ్వు కదా వదినా.”

“అందుకే వెనకుంటున్నా. నువ్వు ఇరుక్కుంటే కాళ్ళట్టుకుని లాగాల్సింది నేనే కదరా.”

పాకాను. మోచేతులకి గుల్లలు గుచ్చుకున్నాయి. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల కడవ అడుగులాంటి చల్లదనం. వదిన తెచ్చిన టార్చి వెలుగులో చూసినవి: కప్పు నిండా గునపం గాట్లు, గోడ మీద నాలుగు వేళ్ళు ఈడ్చిన చారలు, అడుగు ఊడిన తట్ట, ఒక గూటిలో కిరసనాయిలు దీపం మసి. చార ఉండాల్సిన చోట గుల్ల లేదు. ఒక్కటంటే ఒక్క తట్టెడు కూడా వదలకుండా ఊడ్చి తీసుకుపోయారు. మట్టి కప్పు మాత్రం పైన నిలబడి ఉంది.

“గంగానమ్మ కాళ్ళ కింద నుంచి తీశార్రా. పైనుంచి చూస్తే తెలీదని,” అంది వదిన.

“ఎవరు?”

“ఎవరైతేనేం. మనోళ్ళే.”

మధ్యాహ్నం చద్దన్నంలో ఆవకాయ కలుపుతుంటే తాతయ్యని అడిగాం. “నక్కలు తవ్వుంటాయి,” అన్నాడు.

“నక్కలు దీపం పెట్టుకుంటాయా తాతయ్యా?” అంది వదిన.

తాతయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. “కొన్ని నక్కలు చాలా పద్ధతిగా ఉంటాయమ్మా,” అన్నాడు. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చేసిన వెధవ పనులన్నీ రాస్తే ఇది ఇక్కడితో ఆగదు. ఒకటి చెబుతాను. కాల్చిన గుల్ల మీద నీళ్ళు పోస్తే సలసలా ఉడుకుతుంది. అలా ఉడికే సున్నపు గుంట అంచున బాతుగుడ్డు గుడ్డలో కట్టి వేలాడదీశాం. బాగానే ఉడికింది. సున్నం ఘాటుకి కళ్ళ నీళ్ళు కారుతున్నా చెరి సగం తిన్నాం. అమ్మమ్మకి తెలిసి, “సున్నంలో ఉడికింది తింటే పేగులు తెల్లబడతాయి, రేపు పొద్దున చూసుకోండి,” అంది. మర్నాడు పొద్దున ఇద్దరం వేరు వేరుగా చూసుకున్నాం. ఏమీ తేడా లేదు.

సున్నం కొనడానికి ఏలూరు నుంచి ఒక సాయిబుగారు ట్రాక్టరు మీద వచ్చేవారు. మా ఇద్దరికీ కాగితం పొట్లంలో జీళ్ళు తెచ్చేవారు. ఆ ఏడు వచ్చినప్పుడు సున్నం పొడి వేళ్ళ మధ్య నలుపుతూ, “సిమెంటొచ్చాక గోడలకి దీన్నెవరూ అడగట్లేదండి. ఇప్పుడంతా చేపల చెరువుల్లో చల్లడానికే,” అన్నారు. తర్వాత తాతయ్య మొహం చూసి మాట మార్చారు. “అయినా సగం ఏలూరు గోడల మీదున్నది మీ చేనేనండి బాబాయిగారూ.”

“ఉండనివ్వండి. గోడ ఎత్తుగా ఉంటేనే అందం,” అన్నాడు తాతయ్య. “చేనుకి అందం పల్లంలో ఉంటదండి.”

నాకు తెలిసి తాతయ్య తన జీవితంలో నమ్మిన విషయాలన్నీ కలిపితే ఆ రెండు వాక్యాలే.

సరస్సు హద్దు తేల్చడానికి గవర్నమెంటువాళ్ళు ఎత్తులు కొలుస్తున్నారన్న మాట ఆ వేసవి మొదట్నుంచీ ఊళ్ళో ఉంది. ఐదో కాంటూరు అనేవారు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున ఒక గీత. అది కంటికి కనిపించేది కాదు. దానికి కింద ఉన్నదంతా సరస్సు, పైన ఉన్నదంతా చేను. గీత లోపల గట్లుంటే తీసేస్తారు. మామయ్యకి పేపరు చదివే అలవాటుంది కాబట్టి ఆయనకి ఇది తెలుసు. తాతయ్యకి కూర్చోబెట్టి చెప్పలేదు. “ఎవరొచ్చి ఏమడిగినా మాట్లాడకండి నాన్నా,” అని మాత్రం చెప్పి, పని మీద ఆకివీడు వెళ్ళాడు. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే మాట్లాడకుండా ఉండటం తాతయ్యకి చేతకాని పని.

సర్వేయరు కుర్రాడే. చెమటకి చొక్కా వీపుకంటుకుపోయి ఉంది. వంతెన మీద ఎత్తు చెక్కిన గుర్తు రాయి నుంచి ఒక్కో చోటా కొలుచుకుంటూ మా చేను దాకా వచ్చాడు. గెడ పట్టుకునే మనిషిని మా చేలో ఉత్తరం మూలకి పంపబోయాడు. తాతయ్య దోనె దగ్గర్నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు.

“ఏవండీ బాబుగారూ, ఆ మూల ఎందుకండీ? అక్కడ మట్టి సరిగా దిగలేదు. ఇటు రండి, మా చేలో అసలైన పల్లం చూపిస్తాను.”

“ఎక్కడైనా ఒకటేనండి. నాలుగైదు చోట్ల పెడతాం,” అన్నాడు సర్వేయరు.

“ఒకటెలా అవుద్దండీ? ఆ పక్కాయనది చూడండి, మెరక. నాది మూరెడు దిగిందండి. మా తాత కాడ్నించీ దించుకుంటూ వస్తున్నాం. రాసుకోండి.”

సర్వేయరు తాతయ్యని కొంచెంసేపు చూశాడు. గెడ మనిషికి చెయ్యి ఊపాడు. తాతయ్యే అతని పక్కన నడిచి, కాలితో మట్టి తన్ని చోటు చూపించి, గెడ నిటారుగా ఉండేలా ఒక చెయ్యి వేశాడు కూడా.

నన్ను అద్దంలోంచి చూడనిచ్చాడు సర్వేయరు. ఆ పాత పరికరంలో అంతా తలకిందులుగా కనిపించేది. తాతయ్య కాళ్ళు పైన, తలపాగా కింద. గెడ మీద అంకెలు పైకి పాకుతున్నట్టున్నాయి. వదినని పిలిచాను. తనూ చూసి, “తాతయ్యా, ఆకాశంలో పడిపోతారు, జాగ్రత్త,” అని అరిచింది. తాతయ్యకి అర్థం కాలేదు, అయినా చెయ్యి ఊపాడు.

అమ్మమ్మ సర్వేయరుకీ గెడ మనిషికీ అరిటాకులు వేసింది. “కొర్రమీనండి, ముల్లుండదు, మొహమాటపడకండి,” అంటూ పులుసు పోసింది. సర్వేయరు తలొంచుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, “మీ ఇంట్లో తిన్నాక రాయబుద్ధి కావట్లేదండి అమ్మా,” అన్నాడు. తిండి బరువుకి పని మీదికి మనసు పోవట్లేదనుకున్నారు అందరూ. తాతయ్య ఊరి పొలిమేర దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు.

సాయంత్రం మామయ్య వచ్చాడు. సైకిలు స్టాండు వెయ్యకుండానే అడిగాడు.

“ఏం చూపించారు నాన్నా?”

“పల్లం చూపించాను. ఆయన రాసుకున్నాడు కూడా.”

మామయ్య సైకిలు వదిలేశాడు. అది పడిపోయింది. “గీతకి కిందుంటే సరస్సంట నాన్నా. పైనుంటేనే మనది.”

తాతయ్య పడిపోయిన సైకిలు లేపి గోడకి ఆనించాడు. ఆయనకి అది నిజంగా అర్థం కాలేదు. “పైనున్నదాంట్లో ఏం పండుద్దిరా?” అన్నాడు.

మా చేను గీతకి లోపల పడింది. పట్టా ఉందని తాతయ్య వాళ్ళు వీళ్ళకి కాగితాలు చూపించాడు. కాగితాల్లో ఎత్తు ఎక్కడా రాసి లేదు. ఒక పొద్దున యంత్రం వచ్చి మా గట్టుని, గంగానమ్మ దారి ఒక ముక్క మిగల్చి, సరస్సులోకి నెట్టేసింది. అంత గట్టు తీయడానికి అమ్మమ్మ వంట చేసినంత సేపు కూడా పట్టలేదు. ఆ వానాకాలం సరస్సు చేలోకి వచ్చింది. దాళ్వాకి వెనక్కి పోలేదు. గండి మూసుకోవడానికి గట్టే లేదు కదా.

పక్కచేను ఆసామిది గీతకి పైన తేలింది. మూడు తరాలు ఏమీ చెయ్యకపోవడం అతనికి అలా కలిసొచ్చింది. చేను చేపల చెరువుకి కౌలుకిచ్చి, గుండుగొలనులో హైవే పక్కన ఇల్లు కట్టుకున్నాడు. అతన్ని తప్పుబట్టడానికి నేను చాలాసార్లు ప్రయత్నించాను. దొరకలేదు.

మా వాళ్ళు ఆకివీడు వచ్చేశారు. రెండు గదుల అద్దె ఇల్లు. మామయ్య చేపలు ప్యాకింగు చేసే షెడ్డులో కుదిరాడు. నా తర్వాతి వేసవులన్నీ ఆ రెండు గదుల్లోనే గడిచాయి. పులుసు అదే, చెయ్యి అదే, కానీ మామయ్య తాతయ్యతో కలిసి పీట వేసుకునేవాడు కాదు. చుట్టాలెవరైనా వచ్చి, “ఎలా పోయిందండీ చేను?” అంటే, “ఆయన్నడగండి. పల్లం చూపిస్తారు,” అనేవాడు. మొదట్లో అమ్మమ్మ, “ఊరుకోరా,” అనేది. తర్వాత అదీ మానేసింది. ఆవిడ కూడా అలాగే అనుకుంటోందని తాతయ్యకి అప్పుడు తెలిసిందనుకుంటాను.

దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి ఏ ఊరండీ అని అడిగే మనిషి, వీధరుగు మీద కూర్చుని ఎవరు పలకరించినా తల మాత్రం ఊపడం మొదలుపెట్టాడు. కరెంటు మీటరు చూసే అబ్బాయి వచ్చినా లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. ఒకసారి నేను పక్కన కూర్చుంటే అడిగాడు. “నేను ఆ మూల వద్దనకపోతే అయిపోయేది కదరా. అక్కడ మెరకే.” నాకప్పుడు పదో తరగతి. జవాబు తెలీదు. తెలీదని చెప్పాను. ఇంకెప్పుడూ అడగలేదు. తర్వాతి వానాకాలం పోయాడు. మామయ్య చెయ్యాల్సినవన్నీ లోటు లేకుండా చేశాడు. ఏడవలేదు.

నేను సివిలు ఇంజనీరింగు చదివాను. ఎత్తులు కొలవడం నేర్చుకున్నాను. జవాబు తెలుసుకోవడం నా చేతుల్లోనే ఉన్నా ఇన్నేళ్ళూ వెళ్ళలేదు. ఉత్తరం మూల గీతకి పైన ఉందని తేలితే ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఏలూరులో ఆ మేడ పడగొట్టించిన వారం, ఆదివారం, కంపెనీలో ఎత్తులు కొలిచే లెవెలు అడిగి తీసుకుని బయల్దేరాను. వదిన ఉంగుటూరులో ఉంటోంది, బళ్ళో టీచరు. ఫోను చేస్తే వెంటనే బస్సెక్కి వచ్చింది. గెడ తనే పట్టుకుంది.

సరస్సు బాగా వెనక్కి పోయి ఉంది. చేను చేనులా లేదు. ఎండిన గుర్రపుడెక్క మందంగా పరుచుకుని, అడుగేస్తే కరకరమంది. బట్టీలు రెండూ లేవు. బొరియలు పూడిపోయాయి. వంతెన మీది గుర్తు రాయి నుంచే ఎత్తు తెచ్చాను. నాలుగు మూలలు, నడిమధ్య, తాతయ్య కాలితో చూపించిన చోటు అని మా ఇద్దరికీ గుర్తున్న చోటు. ప్రతిదీ రెండుసార్లు. కొత్త పరికరంలో అన్నీ నిటారుగానే కనిపిస్తాయి. వదిన గెడ పట్టుకుని కదలకుండా నిలబడింది, ఒక్క హాస్యమూ ఆడకుండా.

చివర్లో మిగిలిన గంగానమ్మ దారి ముక్క మీద పెట్టమన్నాను. తను చెప్పులు విప్పి ఎక్కింది. అది గీతకి పైన ఉంది. బాగా పైన. పైనుంచి తవ్వనిది అదొక్కటే. మా చేను మొత్తం ఒకప్పుడు ఆ ఎత్తులోనే ఉండేది.

“నాన్నకి నువ్వే చెప్పు,” అంది వదిన.

మామయ్య ఆకివీడు ఇంట్లో వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది, ఐసు పెట్టెలు మోసి మోసి కుడిభుజం కిందికి దిగింది. లెవెలు పెట్టె చూసి ఎక్కడికెళ్ళామో అర్థం చేసుకున్నాడు.

“ఇప్పుడెందుకురా అది?”

“తాతయ్య చూపించినందువల్ల కాదండి మామయ్యా. ఎక్కడ గెడ పెట్టినా ఒకటే. చేనంతా కిందే ఉంది. గుల్ల తీసినప్పుడే దిగిపోయింది.”

చేపల లారీ ఒకటి నీళ్ళు కారుస్తూ వెళ్ళింది. మామయ్య దాన్ని మలుపు తిరిగేదాకా చూశాడు.

“ఉత్తరం మూల కూడానా?”

“అదేనండి అన్నిట్లోకీ ఎత్తు. అదీ కిందే.”

“ఎంత?”

“పందొమ్మిది సెంటీమీటర్లు. తీసింది మూరెడు కదండి.”